ఎడమ చేయి ఏం చేస్తోందో వినమనండి

శనివారం పియానో క్లాసు, ఆదివారం ఇండియా నుంచి జూమ్‌లో సంగీతం టీచరుగారు. టొరంటోలో అయినా డాలస్‌లో అయినా మనవాళ్ళ ఇళ్ళలో చాలామంది పిల్లల వారాంతం ఇంతే. పియానోలో పైమెట్టుకి వెళ్ళేకొద్దీ చరిత్ర కూడా మీద పడుతుంది. కెనడాలో రాయల్ కన్సర్వేటరీ తొమ్మిదో లెవెల్‌కి వచ్చేసరికి బరోక్, క్లాసికల్, రొమాంటిక్, ఆ తర్వాతి కాలం, ఇలా వేర్వేరు పట్టికల్లోంచి రచనలు వాయించాలి. సర్టిఫికెట్టు చేతికి రావాలంటే చరిత్ర పరీక్ష విడిగా రాయాలి. అక్కడే అమ్మానాన్నలు ‘ఆ సంగీతం మాకు తెలీదు’ అని తప్పుకుంటారు, పిల్లలు తేదీలు బట్టీ కొడతారు. పరీక్ష అయిన వారానికి ఒక్కటీ గుర్తుండదు.

శ్రుతి అంటే తెలిసి, సరళీ వరుసలు చెవిలో ఉన్న ఇంట్లో ఇంత భయం అక్కర్లేదు. కుడిచేతి పాటను కాసేపు వదిలేసి ఎడమ చేయి ఏం చేస్తోందో వినమనండి. కాలం మారిన సంగతి ముందు అక్కడే తెలుస్తుంది.

బాఖ్ రెండు గొంతుల ఇన్వెన్షన్లలో (చిన్న రచనలు) మొదటిది తీసుకోండి. కుడిచేయి ఒక మాట అంటుంది. సగం బారు (తాళంలో ఒక ఆవర్తం లాంటిది) గడిచేసరికి ఎడమచేయి అదే మాట ఒక స్థాయి కింద అంటుంది. రెండు చేతులూ సమానం, తోడు వాయించే చేయంటూ లేదు. పిల్లలు చేసే తప్పు పెడల్ (స్వరం ఆగకుండా మోగేలా చేసే కాలి మీట) తొక్కి వాయించడం. దాంతో రెండు గొంతులూ కలిసి ముద్దయిపోతాయి.

మొజార్ట్ 1788లో రాసిన కె.545 సొనాటాలో ఎడమచేయి మొదలుపెట్టేదే ‘సపగప సపగప’. దీన్నే ఆల్బెర్టీ బేస్ అంటారు. పాట కుడిచేతిది, ఎడమచేయి ఇప్పుడు తోడు. ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. 14వ బారుకు వచ్చేసరికి రెండో పాట సీ నుంచి జీకి మారుతుంది, అంటే పంచమమే కొత్త షడ్జమం అవుతుంది. పియానో ముందు కూర్చోబెట్టి జీ నుంచి జీ దాకా తెల్లమెట్ల (తెల్ల కీల) మీదే వాయించమనండి. వినిపించేది హరికాంభోజి, ఎందుకంటే అక్కడున్న ఎఫ్ కైశికి నిషాదం. ఎఫ్‌ని షార్ప్ చేస్తే కాకలి నిషాదమై మళ్ళీ శంకరాభరణం వస్తుంది. మొజార్ట్ ఆ షార్ప్ ఎందుకు పెట్టాడో పుస్తకంలో పేజీడు వివరణ ఉంటుంది. మన పిల్లకు అర నిమిషం చాలు.

ఇదే చోట ఒక పొరపాటు కూడా పుడుతుంది. సీ మేజర్, డీ మేజర్ రెండూ రెండు రాగాలనుకుంటారు. కాదు. రెండూ శంకరాభరణమే, ఒకటి ఒకటో శ్రుతిలో, ఇంకొకటి రెండో శ్రుతిలో. బాఖ్ 24 ప్రెల్యూడ్లు, ఫ్యూగులు రాశాడంటే అవి 24 రాగాలు కావు, 12 శ్రుతుల్లో మేజర్ ఒకటి, మైనర్ ఒకటి. మన 72 మేళకర్తలతో (మూల రాగాలతో) పోల్చి ‘మనవే ఎక్కువ’ అని పిల్లల ముందు గొప్పలకు పోకండి, ఆ లెక్క వేరు.

బీథోవెన్ దగ్గర వాయిద్యం సంగతి చెప్పాలి. క్రిస్టోఫోరి ఫ్లోరెన్స్‌లో 1700 ప్రాంతంలో చేసిన పియానో మొజార్ట్ నాటికి అయిదు స్థాయిలు, 61 మెట్లు. ఇప్పటిది 88. ఇంట్లో ఉన్న 61 మెట్ల కీబోర్డు మొజార్ట్‌కి సరిపోతుందనుకుంటారు. లెక్క సరే, కానీ అతని పియానో కింది ఎఫ్ దగ్గర మొదలయ్యేది, మన కీబోర్డు సీ దగ్గర మొదలవుతుంది, అందుకే అడుగు స్వరాలు అందవు. 1801 నాటి ‘మూన్‌లైట్’ సొనాటా మొదటి భాగం మొత్తం డ్యాంపర్లు (తీగల నాదాన్ని ఆపే ముక్కలు) ఎత్తి, అంటే పెడల్ తొక్కి ఉంచినట్టు, వాయించమని బీథోవెన్ రాశాడు. ఆనాటి పియానోలో నాదం త్వరగా ఆరిపోయేది కాబట్టి చెల్లింది. ఇప్పటి గ్రాండ్ మీద అలాగే తొక్కి ఉంచితే స్వరాలు ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి, అందుకని పెడల్ సగం ఎత్తి దించడం నేర్పుతారు.

1770లో పుట్టిన బీథోవెన్, 1767లో పుట్టిన త్యాగయ్య ఒకే కాలం వాళ్ళు. గోడ మీద ఒకే గీత గీసి ఇద్దరినీ రాయించండి. 1827లో బీథోవెన్, శ్యామశాస్త్రి ఇద్దరూ పోయారు. ఇంగ్లండు రాజగీతం వరస మీద బీథోవెన్ 1803లో పియానోకి ఏడు వేరియేషన్లు రాశాడు. అదే వరసకు దీక్షితులు ‘సంతతం పాహిమాం’ కట్టారు. రెండూ ఒకదాని వెంట ఒకటి వినిపించండి.

షోపాన్ పదో ఓపస్‌లో (అచ్చయిన సంపుటి సంఖ్య) అయిదో ఎట్యూడ్‌లో (సాధన కోసం రాసిన రచన) కుడిచేయి దాదాపు మొత్తం నల్లమెట్ల మీదే నడుస్తుంది. నాలుగున్నర శ్రుతిలో మోహనం స్వరాలవి. కానీ మోహనం అనేయకండి. ఎడమచేతిలో మధ్యమం, నిషాదం వస్తూనే ఉంటాయి, గమకం అసలే లేదు. పియానో స్వరం ఊగదు. అందుకే తోడి గాంధారాన్ని పియానోతో కలిపి సాధన చేయిస్తే పిల్ల గొంతు బిగుసుకుంటుంది. పాటకు శ్రుతిపెట్టె వేరుగా ఉంచండి.

ఇక దెబుస్సీ. 1910లో అచ్చయిన మొదటి ప్రెల్యూడ్ల సంపుటంలో రెండోది, ‘వ్వాల్’. చాలా భాగం స రి2 గ3 మ2 ధ1 ని2 తోనే నడుస్తుంది, పంచమం లేదు. పక్కపక్క స్వరాలన్నీ సమాన దూరంలో ఉన్నందున ఏ స్వరాన్ని షడ్జమం చేసుకున్నా అదే వరస వస్తుంది. మధ్యలో కొన్ని బార్లు నల్లమెట్ల మీదికి వెళ్ళి వచ్చేస్తుంది. ఇంతసేపూ అడుగున ఒకే బీ ఫ్లాట్ మోగుతూ ఉంటుంది. ఎడమచేయి ఏం చేస్తోందని అడిగితే తంబూరా అని పిల్ల తనే చెబుతుంది.