క్లచ్ నొక్కనివ్వని మోచేయి

పొద్దున ఐదున్నరకే హన్మకొండ జేఎన్ఎస్ స్టేడియంలో బాక్సింగ్ ప్రాక్టీస్. మూడో రౌండ్ దాకా బాగానే ఉంది. ఆ తర్వాత ఎడమ చేత్తో జాబ్, అంటే ముందు చేతి సూటి గుద్దు, విసిరిన ప్రతిసారీ మోచేయి బయటి ఎముక దగ్గర సూది గుచ్చినట్టు. తిరిగొస్తుంటే చౌరస్తా ట్రాఫిక్‌లో బైక్ క్లచ్ నొక్కడానికి పళ్లు బిగబట్టాల్సి వచ్చింది. మూడు వారాలుగా ఇదే కథ. అమ్మ రాసిన జండూబామ్, నేను కొన్న ఎల్బో బ్యాండ్, రెండూ దండగే.

సాయంత్రం ఫిజియో దగ్గర నేను మోచేయి చాపితే ఆయన భుజం పట్టుకున్నాడు. "సార్, నొప్పి ఇక్కడ" అన్నాను. "తెలుసు తమ్మీ, పండుకో" అన్నాడు.

వెల్లకిలా పడుకోబెట్టి, చేతిని భుజం ఎత్తులో పక్కకు పెట్టించి, మోచేయి మడిచి, అరచేతిని మంచం వైపు దించమన్నాడు. కుడిది దాదాపు మంచం దాకా దిగింది. ఎడమది సగంలోనే ఆగింది. ఇంకాస్త దించబోతే భుజమే పైకి లేస్తోంది. తర్వాత అద్దం ముందు నెమ్మదిగా జాబ్. వేగంలో ఇన్నాళ్లూ కనపడనిది అప్పుడు చూశాను: భుజం చెవికి అంటుకుంటోంది, మోచేయి కోడి రెక్కలా బయటికి లేచి చివర్లో టక్కున బిగుసుకుంటోంది.

రెండేళ్ల కింద స్పారింగ్‌లో, అంటే జోడీతో ప్రాక్టీస్ ఫైట్‌లో, ఆ భుజం బెణికింది. నెలలో నొప్పి పోయింది, నేనూ మర్చిపోయాను. తిరగడం, రెక్క ఎముకను పట్టుకునే కండరాల బలం మాత్రం వెనక్కి రాలేదట. భుజం అన్ని వైపులా తిరిగే కీలు. మోచేయిది ముఖ్యంగా తలుపు బందులా ముడుచుకుని చాచుకునే పని. పైది తిరగకపోతే ఆ భారం మోచేతి మీద, ముంజేతి కండరాల మీద పడుతుంది. మా వరంగల్ లెక్కలో చిట్టీ ఎత్తుకున్నది భుజం, షూరిటీ పెట్టి కిస్తులు కడుతున్నది మోచేయి. అలాగని ప్రతి మోచేతి నొప్పికీ భుజమే కారణం కాదని, పిడికిలి మరీ బిగించినా, గురి తప్పిన గుద్దు గాల్లో చేతిని విదిలించినా వస్తుందని ఆయనే అన్నాడు. ఆ రెండూ కూడా నాకున్నాయి, అది వేరే సంగతి.

రెండు వారాలు పంచింగ్ బ్యాగ్ బంద్. నా మొహం చూసి, "నిజామాబాద్ బాక్సర్ నిఖత్ జరీన్ 2017ల భుజం దెబ్బకు ఎంతకాలం రింగ్‌కు దూరమైందో ఎరుకేనా? 2022ల ఇస్తాంబుల్‌ల వరల్డ్ ఛాంపియన్ అయింది. నీకు పదిహేను రోజులకే టెన్షనా?" అన్నాడు.

రాత్రి పాత సైకిల్ ట్యూబు కిటికీ ఊచకు కట్టి, చంకలో మడిచిన తువ్వాలు పెట్టుకుని, ముంజేతిని బయటికి లాగడం మొదలుపెట్టాను. పదిహేను సార్లు చెయ్యమన్నాడు. పన్నెండుకే భుజం వెనక మంట.

వంటింట్లోంచి అమ్మ తొంగిచూసి, "మోచెయ్యి నొప్పంటివి గదరా, భుజం గుంజుకుంటున్నవేంది?" అంది.