ఫ్లోర్ కుంగితే ముందే టైల్స్ జోలికి వెళ్లకండి

మా వెనక గదిలో పెన్ను కింద పడితే ఎప్పుడూ బాత్రూమ్ గోడ మూలకే దొర్లేది. నవ్వుకుని వదిలేశాం. ఓ రోజు తుడుస్తుంటే కనిపించింది, గోడ అడుగున వేసే స్కర్టింగ్ పట్టీ గోడకే అతుక్కుని ఉంది, టైల్ మాత్రం వేలు దూరేంత కిందికి దిగిపోయింది. నాణెంతో కొట్టి చూస్తే ఆ మూలంతా డొల్ల శబ్దం.

నేను చేసిన తెలివితక్కువ పని, టైల్స్ పీకించి ఇసుక పోయించి కొత్తవి వేయించడం. అదీ మళ్లీ దిగినా పర్లేదులే అని కాస్త ఎత్తుగా వేయించా, తలుపు తగుల్తోందంటే దాని అడుగు కూడా కోయించా. ఏడాది తిరక్కముందే అదే మూల, అదే సందు. రెండోసారి వచ్చిన మేస్త్రి టైల్స్ వంక చూడనే లేదు, బాత్రూమ్‌లోకెళ్లి బకెట్ నీళ్లు పోసి పైపు దగ్గర చెవి పెట్టి కూర్చున్నాడు. లోపల జాయింట్ లీకు. ఆ నీళ్లు మట్టిని ఎన్నాళ్లుగా మోసుకుపోతున్నాయో, తవ్వితే కింద చెయ్యి పట్టేంత బొరియ.

అప్పుడే ఒక సంగతి బుర్రకెక్కింది. గ్రౌండ్ ఫ్లోర్‌లో గోడలు పునాది మీద నిలబడతాయి, ఫ్లోర్ మాత్రం మధ్యలో నింపిన మట్టి మీద ఉంటుంది. అందుకే గోడ కదలకుండా ఫ్లోర్ ఒక్కటే దిగొచ్చు. ఆ మట్టిని 15 సెంటీమీటర్ల చొప్పున పొరలుగా వేసి తడిపి దిమ్మిస కొట్టాలి, కానీ చాలాచోట్ల మొత్తం ఒకేసారి గుమ్మరించి నీళ్లు పెట్టేసి అయిపోయిందంటారు. గోడ మీద కూడా మెట్లు మెట్లుగా పగుళ్లొచ్చి, తలుపులు కిటికీలు బిగుసుకుపోతుంటే మాత్రం అది పునాది గొడవ కావచ్చు, మేస్త్రితో తేలదు, స్ట్రక్చరల్ ఇంజనీర్ చూడాల్సిందే. నల్లరేగడి లాంటి నేలైతే వానకి ఉబ్బి ఎండకి కుంచించుకుపోతుంది, గోడ పక్కనే పెద్ద చెట్టున్నా డాబా నీళ్లు అక్కడే పడుతున్నా ఇంకా ఎక్కువ.

పై అంతస్తు స్లాబ్ కథ వేరు. స్లాబ్ పోసేటప్పుడు కింద ఆనించే సెంట్రింగ్ తొందరగా విప్పేసినా, తర్వాత మీద బరువు గోడ కట్టినా మధ్యలో వంగుతుంది. సాధారణంగా పొడవులో 250వ వంతు దాకా ఒప్పుకుంటారు, అంటే 4 మీటర్లకి 16 మిల్లీమీటర్లు. అడుగున తుప్పు మరకలు, పెచ్చులూడటం ఉంటే లెక్కలు పక్కనపెట్టి చూపించండి. చెక్క ఫ్లోర్ అయితే స్క్రూడ్రైవర్‌తో దూలాన్ని పొడవండి, మెత్తగా దిగిందంటే చెదలో తేమో తినేసినట్టే.

ఇంకా కదులుతోందా ఆగిపోయిందా అన్నది తెలియకుండా రిపేర్ మొదలెట్టొద్దు. పగులు చివర పెన్సిల్ గీత పెట్టి తేదీ రాయండి, వానాకాలం ఎండాకాలం రెండూ చూడండి. లెవెల్‌కి మేస్త్రీలు వాడే నీళ్ల ట్యూబ్ చాలు, లోపల గాలి బుడగ లేకుండా చూసుకోవాలి అంతే.

మాకు చివరికి పైపు మార్చి, తడిసిన మట్టంతా తీసేసి, పొరలు పొరలుగా దిమ్మిస కొట్టి, మీద 10 సెంటీమీటర్ల కాంక్రీట్ బెడ్ వేసి వారం క్యూరింగ్ అయ్యాకే టైల్స్ వేశారు. తవ్వకుండా రంధ్రాలు పెట్టి సిమెంట్ పాలో ఫోమో పంపి ఫ్లోర్‌ని లేపే పద్ధతీ ఉంది, లీకు ఆపకపోతే అదీ దండగే. చెక్క దూలాన్ని జాకీతో లేపేటప్పుడు రోజుకి రెండు మూడు మిల్లీమీటర్లు మించొద్దు, ఒక్కసారి ఎత్తితే పైన ప్లాస్టర్ పగిలిపోతుంది. పక్కనే కొత్త దూలం కలిపి బోల్టులు వేస్తారు. పల్లంలో తనంతట తానే సమంగా పరుచుకునే సెల్ఫ్ లెవెలింగ్ సిమెంట్ మిశ్రమం పోసేద్దాం అనేవాళ్లకి ఒక్క మాట, సెంటీమీటర్ మందానికే చదరపు మీటరుకి దాదాపు 20 కిలోలు, వంగిన దూలం మీద అది అదనపు బరువు.

ఇప్పుడు పెన్ను పడ్డచోటే ఉంటోంది. కోయించిన ఆ తలుపు కింద సందులోంచే బల్లులొస్తున్నాయి.