ఆంటోనియా హెర్నాండెజ్, మాడ్రిగల్ కేసు

అమెరికాలో మెక్సికన్ మూలాల వాళ్ల హక్కుల కోసం కోర్టుల్లో పోరాడే సంస్థ మాల్డెఫ్‌కి అధ్యక్షురాలిగా (1985–2003) ఆంటోనియా హెర్నాండెజ్‌ను చాలామంది గుర్తుంచుకుంటారు. నా లెక్కలో లాయరుగా ఆవిడ అసలు పని 1975 నాటి మాడ్రిగల్ కేసు. లా డిగ్రీ చేతికొచ్చి అప్పటికి ఏడాదే.

లాస్ ఏంజిలెస్ కౌంటీ ఆసుపత్రిలో కాన్పుకెళ్లిన మెక్సికన్ మూలాల స్త్రీలతో, నొప్పులు పడుతుండగానే ఇంగ్లిష్ కాగితాల మీద సంతకాలు పెట్టించి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసేశారు. వాళ్లలో పదిమంది కోర్టుకెక్కారు; అదే మాడ్రిగల్ కేసు, వాళ్ల తరఫు లాయర్లలో హెర్నాండెజ్ ఒకరు. మెక్సికోలో పుట్టిన ఆవిడకి వాళ్ల స్పానిష్ భాష సొంతం. కేసుకి అదే పెద్ద బలం.

1978లో జడ్జి డాక్టర్ల వైపే తీర్పిచ్చారు. డాక్టర్లకీ ఆ స్త్రీలకీ మధ్య మాటలు సరిగ్గా అర్థం కాకపోవడమే జరిగినదానికి కారణమట! మరి అర్థమయ్యేలా చెప్పాల్సిన బాధ్యత ఎవరిది?

అదే ఏడాది చివర్లో వచ్చిన ఫెడరల్ నిబంధనల ప్రకారం, ప్రభుత్వ డబ్బుతో చేసే ఈ ఆపరేషన్లకు సంతకం తర్వాత మామూలుగా 30 రోజులు ఆగాలి, వయసు 21 నిండాలి, నొప్పుల్లో తీసుకున్న సమ్మతి చెల్లదు.