తలుపు కింద సందు, ఏసీ మీద భారం

తలుపు కింద సెంటీమీటరు సందుంటే ఎవరూ పెద్దగా పట్టించుకోరు. తలుపు వెడల్పు 90 సెంటీమీటర్లయితే అది 90 చదరపు సెంటీమీటర్ల కన్నం. లోపలికీ బయటికీ ఒత్తిడిలో 4 పాస్కళ్ల తేడా ఉంటే చాలు, గంటకు దాదాపు 50 ఘనపు మీటర్ల గాలి దూరిపోతుంది. ఓ మాదిరి పడకగదిలో పట్టే గాలి మొత్తం కన్నా అది ఎక్కువ.

ఆ గాలి వేడినే కాదు, తేమనూ మోసుకొస్తుంది. బయట 32 డిగ్రీలు, 70 శాతం తేమ. లోపల 25 డిగ్రీలు, 50 శాతం అనుకుందాం. ఒక్కో ఘనపు మీటరు గాలిని చల్లబరచడానికి సుమారు 8 కిలోజౌళ్లు తీసేస్తే చాలు. దానితో వచ్చిన 13 గ్రాముల అదనపు ఆవిరిని నీరుగా మార్చాలంటే మాత్రం 32 కిలోజౌళ్లు తీయాలి. అంటే వేడికి నాలుగింతలు! థర్మోమీటర్‌లో ఇది కనపడదు. ఒళ్లు జిగటగా ఉందని ఇంకో రెండు డిగ్రీలు తగ్గిస్తాం, అక్కడే బిల్లు పెరుగుతుంది.

ఇల్లు వేడి చేసుకునే చోట లెక్క ఇంకా తేలిక. 250 ఘనపు మీటర్ల ఇంట్లో గంటకు సగం గాలి మారుతూ, బయటికీ లోపలికీ 20 డిగ్రీల తేడా ఉంటే నష్టం 0.33 × 125 × 20, అంటే 825 వాట్లు (ఘనపు మీటరు గాలిని ఒక డిగ్రీ వేడి చేయడానికి కావాల్సిన 0.33 వాట్-గంటలే ఆ మొదటి అంకె). వెచ్చని గాలి కప్పు దగ్గరి సందుల్లోంచి పోతూ, కింది సందుల్లోంచి చలిగాలిని లాక్కుంటుంది. గోడ మధ్య ఎత్తులో ఈ లాగుడు దాదాపు సున్నా. కాబట్టి కిటికీల కన్నా ముందు కప్పు, నేల దగ్గరి సందులే మూయాలి. వేడి దాటకుండా గోడల్లో, కప్పులో పెట్టే గాజు నూలు, అంటే గ్లాస్‌వూల్, గాలిని ఆపుతుందనుకోవద్దు, వడకడుతుందంతే. అది దుమ్ము పట్టి నల్లబడిన చోటల్లా గాలి పోతున్నట్టే.

వెతకడానికి తలుపులూ కిటికీలూ మూసి, సీలింగ్ ఫ్యాన్లు ఆపి, వంటింటి ఎగ్జాస్ట్ వేయండి. అగరుబత్తిని చౌకట్ల అంచులు, స్విచ్‌బోర్డులు, ఏసీ పైపు కన్నం దగ్గర మెల్లగా తిప్పండి. పొగ ఎక్కడ వంగితే అక్కడ సందు. గ్యాస్ గీజరుంటే ముందు ఆపేయాలి, ఎగ్జాస్ట్ లాగుడుకి దాని పొగ ఇంట్లోకే తిరగొచ్చు.

తలుపు కింద స్వీప్ (అడుగు అంచుకు బిగించే పట్టీ), అంచులకు రబ్బరు పట్టీ చాలు. 6 మిల్లీమీటర్లు దాటిన సందులో నేరుగా సీలెంట్ (సందులు పూడ్చే సాగే ముద్ద) నింపితే అడుగుకీ అంటుకుంటుంది. గోడ, చౌకట్టు కదిలినప్పుడు సాగే వీల్లేక చీలుతుంది. ముందు నురుగు తాడు దూర్చి, సీలెంట్ లోతు వెడల్పులో సగమే ఉంచండి. చౌకట్టు చుట్టూ తక్కువ ఉబ్బే ఫోమే (చల్లాక ఉబ్బి గట్టిపడే నురుగు) వాడాలి, లేకపోతే చౌకట్టు వంగి తలుపు పట్టేస్తుంది.

అన్నీ మూశాక వంటింటికీ స్నానాలగదికీ ఎగ్జాస్ట్, పడకగదులకు తాజా గాలి వచ్చే దారి తప్పనిసరి.