గుమ్మంలో తాతయ్య, వెనక తెల్లబడ్డ వాకిలి

పోయిన వేసవిలో ఊరికి వెళ్ళినప్పుడు, మా పెంకుటింటి గుమ్మంలో కూర్చున్న తాతయ్యను లోపలి నుంచి ఫోటో తీశాను. ఆయన ముఖం చక్కగా వచ్చింది గానీ, వెనకనున్న మిట్టమధ్యాహ్నపు వాకిలి, వేపచెట్టు, దండెం మీది పంచె అన్నీ కలిసి ఒకే తెల్లటి మచ్చగా మారాయి. తెర మీద వాకిలి ఉన్నచోట వేలు తాకించి మళ్ళీ తీస్తే పంచె మడతలు కనిపించాయి, తాతయ్య నల్లటి ఆకారంగా మిగిలారు. ఫోన్‌లో హెచ్‌డీఆర్ (బాగా వెలుగున్న చోటూ, చీకటి చోటూ ఒకే ఫోటోలో వివరంగా వచ్చేలా చేసే ఏర్పాటు) ఆపేసి ఉన్న సంగతి తరవాత గమనించాను.

కెమెరాలో బొమ్మను పట్టే సెన్సర్‌లోని ఒక్కో పిక్సెల్‌ను, అంటే ఒక్కో చిన్న గడిని, వెలుతురు పట్టే గిన్నె అనుకోవచ్చు. ఫోన్లలో దాని వెడల్పు చాలావరకు ఒక మైక్రాన్‌కు (మిల్లీమీటరులో వెయ్యో వంతుకు) అటూ ఇటూగా ఉంటుంది కాబట్టి అది త్వరగా నిండుతుంది, నిండాక పొర్లిపోయినదాని లెక్క ఎక్కడా మిగలదు. నీడల సంగతి వేరు: అక్కడ వివరం ఉంటుంది, కాకపోతే నాయిస్‌తో, అంటే చీకటి చోట్ల ఫోటోలో కనిపించే చుక్కల గందరగోళంతో, కలగాపులగమై ఉంటుంది.

2010లో ఐఫోన్ 4కు వచ్చిన హెచ్‌డీఆర్ వేర్వేరు ఎక్స్‌పోజర్లతో (సెన్సర్‌పై పడనిచ్చే వెలుతురు మోతాదులతో) తీసిన ఫోటోలను కలిపేది. 2013లో నెక్సస్ 5కు గూగుల్ ఇచ్చిన హెచ్‌డీఆర్ ప్లస్ మాత్రం వెలుగుకూ నీడకూ ఉన్న పై తేడానే ఆసరాగా చేసుకుంది. వెలుగు పొర్లకుండా తక్కువ ఎక్స్‌పోజర్‌తో, అన్నీ ఒకే కొలతలో, గబగబా అనేక ఫ్రేములు తీసి, చిన్న చిన్న గళ్ళుగా ఒకదానిపై ఒకటి సరిచూసి సగటు కట్టేది. నాలుగు ఫ్రేముల సగటులో నాయిస్ సుమారు సగానికి, తొమ్మిదింటిలో మూడో వంతుకు తగ్గుతుంది గనుక, ఆపైన నీడలను ఎత్తినా (వెలుగు పెంచినా) చుక్కలు చుక్కలుగా కనిపించవు. ఫ్రేములన్నిటి ఎక్స్‌పోజరూ ఒకటే కావడం వల్ల వాటిని సరిపోల్చడమూ తేలికే. ఈ ఆలోచన నాకు ఎంతో తెలివైనదిగా అనిపిస్తుంది.

అయితే కొన్ని ఫోన్లు నీడలను మరీ ఎత్తేసి, మధ్యాహ్నానికీ సాయంత్రానికీ తేడా లేకుండా చేస్తాయి. అది నాకు బొత్తిగా నచ్చదు.

మూడోసారి హెచ్‌డీఆర్ పెట్టి, తెర మీద వెలుగు పెంచి తగ్గించే సూర్యుడి గుర్తును పంచె మడతలు కనబడేదాకా కిందికి జరిపి తీశాను. తాతయ్య ఎడమ చెంప కాస్త చీకటిగానే వచ్చింది. దాన్ని ఎడిటింగ్‌లో సరిచేయలేదు, ఆ గదిలో ఆ వేళకు ఉండే చీకటి అంతే.