చేతుల సంగతి

వార్తాపత్రికను పైనుంచి కిందికి చింపితే గీత గీసినట్టు తిన్నగా చిరుగుతుంది. అడ్డంగా చింపితే ఎంత జాగ్రత్తగా పట్టుకున్నా వంకరలు పోతుంది. కాగితం తయారయ్యేటప్పుడు అందులోని పీచు ఎక్కువగా యంత్రం సాగే దిశలోనే పరుచుకోవడం దీనికి కారణం. ఏళ్ల తరబడి రోజూ పత్రిక చదివిన నాకు ఈ సంగతి నలభై ఆరో ఏట, దాన్ని చదవడానికి కాక చింపడానికి చేతిలోకి తీసుకోవలసి వచ్చిన రోజున తెలిసింది. ఆ రోజు నేను చింపగలిగినవి మూడు పేలికలు. మూడోదాని దగ్గర కుడిచేతి బొటనవేలు వణికి, కాగితం జారి నేలమీద పడింది. వంగి తీసుకునే శక్తి లేక దానివంక చూస్తూ కూర్చున్నాను.

నాకు వచ్చిన జబ్బు గులియన్ బారే సిండ్రోమ్. ఏదో ఒక ఇన్ఫెక్షన్ మీద పోరాడిన రోగనిరోధక వ్యవస్థ, ఆ తరువాత పొరబాటున మన నరాల మీదనే విరుచుకుపడటం దీని స్వభావం. కాళ్లలో తిమ్మిరి మొదలు కావడానికి రెండు వారాల ముందు నాకు విరేచనాలు పట్టుకుని నాలుగు రోజుల్లో తగ్గిపోయాయి. ఆ రెండింటికీ సంబంధం ఉంటుందని ఎవరికి తోస్తుంది? మొదట చూసిన డాక్టరు నాకు నిద్ర చాలడం లేదనీ, మనసులో ఏదో ఆందోళన ఉందనీ చెప్పి, విటమిన్ మాత్రలు రాసి పంపించారు. మోకాలి కింద చిన్న సుత్తితో ఒక్కసారి తట్టి ఉంటే, కాలు ఎగరకపోవడం ఆయనకే కనబడేది. ఆ సుత్తి ఆయన బల్లమీదనే ఉంది. ఆయన ముఖం నాకిప్పుడు గుర్తులేదు గాని సుత్తి మాత్రం బాగా గుర్తుంది.

మూడో రోజుకు మెట్లు ఎక్కలేకపోయాను, నాలుగో రోజుకు చొక్కా బొత్తాలు పెట్టుకోలేకపోయాను. ఆపైన పెద్ద ఆసుపత్రి, వెన్నులోంచి నీరు తీసి పరీక్షించడం, నరాలకు కరెంటు పెట్టి చూడడం, ఐదు రోజులపాటు ఇమ్యునోగ్లోబులిన్ ఎక్కించడం వంటివన్నీ ఈ జబ్బు వచ్చిన చాలామందికి జరిగేవే కాబట్టి వాటి గురించి రాయను.

రాయవలసింది ఒక రాత్రి గురించి. ఈ జబ్బు సాధారణంగా పాదాల దగ్గర మొదలై పైకి పాకుతుంది. ఊపిరి తీసే కండరాల దాకా వస్తే మనిషిని వెంటిలేటర్ మీద పెట్టవలసి వస్తుంది. అందుకని ఐసీయూలో నర్సు వచ్చి, గట్టిగా ఒక్కసారి ఊపిరి పీల్చుకుని, మళ్లీ పీల్చకుండా ఒకటి నుంచి ఎంతవరకు లెక్కపెట్టగలనో చూసేది. సాయంత్రం 31 దాకా వెళ్లాను. రాత్రి పది గంటలకు 24. అర్ధరాత్రి 19. మంచం పక్కకు ఒక యంత్రాన్ని తోసుకొచ్చి నిలబెట్టారు. అది దేనికోసమో నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. మూడు గంటలకు ఆ అమ్మాయి మళ్లీ వచ్చినప్పుడు నేను మోసం చేయాలని చూశాను. అంకెలను ఒకదాని మీద ఒకటి పడేలా గబగబా లెక్కపెట్టాను. ఆమె కోప్పడలేదు. "తొందరపడొద్దు సార్, నాతోపాటు లెక్కపెట్టండి" అని, తానే నెమ్మదిగా మొదలుపెట్టింది. 15 దగ్గర నా గొంతు ఆగిపోయింది, ఆమె గొంతు ఒక్కటే 16 అన్నది.

ఆ తరువాత నిద్రపోవడానికి భయమేసింది. పిలుపు గంట నా అరచేతిలోనే ఉంది గాని దాన్ని నొక్కే బలం వేళ్లకు లేదు. అది గమనించి ఆమె తన కుర్చీని నా కాళ్ల దగ్గరికి జరుపుకుని కూర్చుంది. ఇంతకన్నా దిగనివ్వకు అని నేను ఎవరినో వేడుకున్నాను. ఎవరినని అడిగితే ఇప్పుడు చెప్పలేను. దేవుడి గదిలోకి పెద్దగా వెళ్లే మనిషిని కాదు నేను. ఐదు గంటలకూ 15. ఏడు గంటలకు 16. యంత్రాన్ని ఎప్పుడు తీసుకుపోయారో చూడలేదు.

తొమ్మిదో రోజున పెద్ద డాక్టరు తన శిష్యులతో కలిసి వచ్చారు. నేను కళ్లు మూసుకుని ఉన్నాను, నా భార్య తలవైపు నిలబడి ఉంది. ఆయన ఫైలు తిరగేస్తూ, శిష్యులకు ఏదో వివరించి, చివరికి "ప్రాణం దక్కింది, ఇక చేతుల సంగతంటారా, అది ఆయన అదృష్టం" అని పక్క మంచానికి వెళ్లిపోయారు. అది మాకు చెప్పిన మాట కూడా కాదు. ఆ మధ్యాహ్నమంతా నా భార్య నా వేళ్లను ఒక్కొక్కటిగా వత్తుతూ కూర్చుంది, ఇద్దరం ఆ మాట ఎత్తలేదు. అయితే మోకాలి మీద తట్టి రెండే రెండు నిమిషాల్లో జబ్బును పసిగట్టి, వార్డులో మంచం ఖాళీగా ఉన్నా వద్దని, ఆ సాయంత్రమే నన్ను ఐసీయూకు పంపినది కూడా ఆయనే. కోపం వచ్చినప్పుడల్లా ఆ రెండు నిమిషాలు గుర్తొస్తాయి, కృతజ్ఞతతో మనసు మెత్తబడినప్పుడల్లా ఆ మాట గుర్తొస్తుంది. లెక్కలు రాసి బతికే నాకు ఈ ఒక్క ఖాతా తేల్చడం చేతకావడం లేదు.

నడక నెలన్నరకు వచ్చింది. చేతులు రాలేదు. నరం పైనున్న పొర మాత్రమే దెబ్బతింటే వారాల్లో, నెలల్లో కోలుకోవచ్చుననీ, లోపలి తీగ కూడా తెగితే అది రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున పెరగాలనీ చెప్పారు. ఇంటికి వచ్చాక మా అమ్మాయి టేపు తెచ్చి నా భుజం నుంచి వేలికొన దాకా కొలిచి, 70 సెంటీమీటర్లని తేల్చింది. అంటే 700 రోజులు. ఈ లెక్క అందరికీ ఇలాగే వర్తించదని, తెగిన చోటు వేలికి ఎంత దగ్గరగా ఉంటే అంత మేలని తరువాత తెలిసింది గాని, ఆ రాత్రి మాత్రం నాకు 700 తప్ప మరేమీ వినబడలేదు.

చేతుల కోసం వచ్చిన ఆక్యుపేషనల్ థెరపిస్టు, అంటే చేతిపనుల ద్వారా రోగులను కోలుకునేలా చేసే ఆవిడ, మొదట ఒక రబ్బరు బంతి ఇచ్చి నొక్కమన్నారు. వందసార్లు నొక్కినా బంతి బంతిలాగే ఉంటుంది. నాలుగు రోజులకే నాకు దానిమీద అసహ్యం పుట్టింది. అప్పుడు ఆవిడ పాత పత్రికలు చింపమన్నారు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టు రావడానికీ, రెండు చేతులూ ఎదురెదురు దిశల్లో కలిసి పనిచేయడానికీ ఇంతకు మించిన తేలికైన పని లేదన్నారు. నన్ను చూడవచ్చిన మా బావమరిది ఆ పేలికలు చూసి, "ఏం బావా, ఎల్‌కేజీ పిల్లల పని నీకు అప్పజెప్పారా?" అని నవ్వాడు. అతను మంచివాడు, ఆసుపత్రిలో నాకోసం పదకొండు రాత్రులు వరండాలో పడుకున్నాడు. ఆ నవ్వు తరువాత రెండు రోజులు మాత్రం నేను కాగితం ముట్టుకోలేదు.

అతనికి అప్పుడు చెప్పలేనిది ఇప్పుడు చెబుతాను. గులియన్, బారే, స్ట్రోల్ అనే ముగ్గురు ఫ్రెంచి వైద్యులు మొదటి ప్రపంచ యుద్ధకాలంలో, 1916లో, ఇద్దరు సైనికులలో ఈ జబ్బును వర్ణించారు. జబ్బు పేరులో మూడో ఆయన జాడ లేకుండాపోయింది, అది వేరే కథ. ఆ మరుసటి ఏడాది, 1917లో, చేతిపనుల ద్వారా రోగులను కోలుకునేలా చేయడమే వృత్తిగా పెట్టుకున్నవారి సంఘం అమెరికాలో ఏర్పడింది. గాయపడిన సైనికుల చేత బుట్టలు అల్లించింది, నేత నేయించింది ఆ వృత్తివారే. పిల్లల పని అని వాళ్లను చూసి కూడా ఎవరో ఒకరు నవ్వే ఉంటారు.

నన్ను తిరిగి కాగితం దగ్గరికి తెచ్చింది మా అమ్మాయి. "నాన్నా, గిన్నె చేస్తాను, అరవై పేలికలు కావాలి" అన్నది. ఒక ఉక్కు గిన్నెను బోర్లించి, దానిమీద పల్చటి ప్లాస్టిక్ కాగితం కప్పి, తెల్ల జిగురులో అంతే నీళ్లు కలిపి, పేలికలను ముంచి అడ్డదిడ్డంగా అతికించడం, అంతే. అరవై పేలికలకు మూడు రోజులు పట్టింది. బంతికీ దీనికీ తేడా ఏమిటంటే, నా కోసం ఒక మనిషి ఎదురుచూస్తోంది. తొందరలో నేను ఒకే రోజు ఆరు పొరలు వేయించాను. పైన ఎండినట్టు కనబడింది గాని లోపల తడి నిలిచి, వారానికి గిన్నె అడుగున నల్లగా బూజు పట్టింది. రెండో గిన్నెకు రెండేసి పొరలు వేసి, పూర్తిగా ఆరిన తరువాతే మళ్లీ వేశాం. అది ఇప్పటికీ మా అమ్మాయి బల్లమీద ఉంది, పెన్సిళ్ల చెక్కుతో నిండి.

కాగితపు పూసలు చేయాలనుకునేవారు రంగుల పత్రికలోంచి పొడవాటి త్రికోణాకారపు పేలిక కత్తిరించి, వెడల్పు వైపు నుంచి పుల్లకు చుట్టి, మొన దగ్గర జిగురు అంటిస్తే చాలు, మధ్యలో లావుగా, అంచుల్లో సన్నగా పూస వస్తుంది. నాకు ఈ చుట్టడం కన్నా కత్తిరించడమే యమయాతన అయింది. కత్తెరను మూయడం సులభం, తెరవడం కష్టమని, వేళ్లను చాపే కండరాలు బలహీనపడిన వాడికే తెలుస్తుంది. వదలగానే తనంతట తాను తెరుచుకునే స్ప్రింగు కత్తెర ఉంటుందని థెరపిస్టు చెప్పేదాకా, నేను రెండు చేతులతో కత్తెరను పుస్తకంలా విప్పేవాడిని.

ఒక తప్పు మాత్రం మీరెవరూ చేయవద్దు. వేళ్లలో స్పర్శ పూర్తిగా రాకముందే నేను వేడి జిగురు తుపాకి పట్టుకున్నాను. నొప్పి తెలియలేదు. చూపుడువేలి చివర తెల్లగా బొబ్బ లేచిన తరువాత, దాన్ని కళ్లతో చూసి, అప్పుడు వేలు లాక్కున్నాను. స్పర్శ లేని చేతికి బ్లేడు, వేడి జిగురు, మొనదేలిన సూది దూరంగా ఉంచాలి. ఈ జాగ్రత్త మాకు ముందే ఎవరైనా చెప్పవలసింది. ఇంకొకటి: అలసట వచ్చేదాకా పని చేయకూడదు. పదిహేను నిమిషాల తరువాత, ఇంకా చేయగలననిపిస్తున్నప్పుడే ఆపేయాలి. ఒక ఆదివారం ఉత్సాహం కొద్దీ రెండు గంటలు కూర్చుని, మంగళవారం దాకా చెంచా ఎత్తలేకపోయాను.

పాత టీషర్టులను రెండు వేళ్ల వెడల్పున కత్తిరించి గట్టిగా లాగితే, అంచులు లోపలికి ముడుచుకుని ఆ పేలిక గుండ్రటి తాడులా మారుతుంది. అలాంటివి మూడు తీసుకుని తలుపు గడియకు కట్టి జడ అల్లేవాడిని. ఆ జడను చుట్టుచుట్టి కుట్టితే కాళ్లు తుడుచుకునే పట్టా అవుతుంది. కుట్టడం నా భార్య చేసింది. అల్లడం అలవాటయ్యాక ఒక ఉదయం ఆమెకు తీరిక లేకపోతే, మా అమ్మాయి వచ్చి వీపు తిప్పి నా ముందు కూర్చుంది. జడ వదులుగా, ఒక పక్కకు ఒరిగి వచ్చింది. దాన్ని విప్పకుండా బడికి వెళ్లింది. ఆ రోజు నేను చాలాసేపు తలుపు గడియ పట్టుకుని నిలబడ్డాను.

పద్నాలుగు నెలలకు పుస్తకం కుట్టాను. కాగితాలను మధ్యకు మడిచి, మడత మీద మూడు రంధ్రాలు చేసి, మొండి సూదిని లోపలినుంచి నడిమి రంధ్రంలోంచి బయటకు తీసి, పై రంధ్రంలోంచి లోపలికి, లోపలే కిందిదాకా సాగదీసి కింది రంధ్రంలోంచి బయటకు, తిరిగి నడిమి రంధ్రంలోంచి లోపలికి తెచ్చి, పొడవాటి దారానికి చెరోవైపున ఉన్న రెండు కొసలనూ కలిపి ముడి వేయాలి. అట్టను పీచుకు అడ్డంగా మడిచినందువల్ల మడత పగిలింది. పత్రిక చింపిననాటి పాఠం అట్టకూ వర్తిస్తుందని తోచలేదు. ముడి వేయడానికి నాకు పది నిమిషాలు పట్టింది.

ఆ పుస్తకాన్ని తదుపరి పరీక్షకు సంచిలో పెట్టుకుని వెళ్లాను. పెద్ద డాక్టరు గారి ముందు పెట్టి, చేతుల సంగతి ఇదీ అని చెప్పాలని దారిపొడవునా మాటలు కూర్చుకున్నాను. ఆయన సెలవులో ఉన్నారు. మరో డాక్టరు తన రెండు వేళ్లు నా పిడికిట్లో పెట్టి నొక్కమని, "పర్వాలేదు, బాగుంది" అని ఫైలులో ఒక ముక్క రాసి, ఆరు నెలల తరువాత రమ్మన్నారు. పుస్తకం సంచిలోనే ఇంటికి తిరిగి వచ్చింది. నర్సు కోసం ఐసీయూ తలుపు దాకా వెళ్లాను గాని, ఆ అమ్మాయి పేరు ఎప్పుడూ అడగలేదని అక్కడే గుర్తొచ్చింది.

ఇది రాస్తున్నది ఆ పుస్తకంలోనే, పేజీలు అయిపోవచ్చాయి. రెండోదానికి అట్టను మడిచే ముందు రెండు వైపులా మెల్లగా వంచి, ఏ వైపు తేలికగా లొంగుతుందో చూసుకున్నాను. దారం పోయినసారి పుస్తకం ఎత్తుకు రెండింతలే తీసుకుని ముడి దగ్గర చాలక అవస్థ పడ్డాను కాబట్టి, ఈసారి మూడింతలు తీసుకున్నాను.