అమ్మను గండికోటకు తీసుకెళ్లిన బండి

అమ్మ జమ్మలమడుగు చూసి తొమ్మిదేళ్లయింది. నడుం నొప్పితో గంటకు మించి కూర్చోలేదు. కర్నూలులో బస్సెక్కితే నంద్యాల రాకముందే ఆమెకు కళ్లల్లో నీళ్లు తిరుగుతాయి. పుట్టింటి వైపు ఏ పెళ్లికి పిలిచినా "నన్ను వదిలేయ్ పాపా, మీరు పోయి రాండి" అనేది. కారు కోసం దాచిన డబ్బుతో నేను పాత వ్యాను కొన్నది అందుకే. ఎక్కడ ఆపితే అక్కడ ఆమె నడుం వాల్చాలి.

బేరం 2,80,000 రూపాయలకు కుదిరింది. ఆర్‌సీ చూస్తే ఫైనాన్సు వాళ్ల పేరు ఇంకా అలాగే ఉంది. "అప్పు ఎప్పుడో తీరిపోయిందక్కా" అన్నాడు అమ్మినాయన. తీరితే కాగితం మీద కూడా తీరాలి కదా. బాకీ లేదని ఫైనాన్సు వాళ్లిచ్చే ఎన్‌ఓసీ, ఆర్‌సీలోంచి వాళ్ల పేరు తీయించడానికి సంతకాలు పెట్టిన ఫారం 35 చేతికొచ్చేదాకా మిగతా డబ్బు ఇవ్వలేదు. బండిని నా పేరుకు మార్చే 29, 30 ఫారాలు ఆ తర్వాతే. పాత బండి కొనేవాళ్లకు నేను గట్టిగా చెప్పే మాట ఇదే.

సీట్లు పీకేసి, పైకప్పు కోసి ఎత్తు పెంచమని చాలామంది చెప్పారు. వద్దనుకున్నాను. కంపెనీ ఇచ్చిన రూపానికి విరుద్ధంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. 2019లో సుప్రీంకోర్టూ అదే తేల్చింది. అందుకని వెనక సీటు ముందుకు మడిచి, దాని మీదుగా పరిచే మంచం చేయించాను. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, బందులతో కలిపిన మూడు ప్లైవుడ్ ముక్కలు. పైన దూది పరుపు. కిటికీలకు అయస్కాంతాలు కుట్టిన దోమతెరలు. 12 వోల్టుల, 100 ఆంపియర్ అవర్ లిథియం బ్యాటరీ ఒకటి. దాంట్లో దాదాపు 1,200 వాట్ అవర్ల కరెంటు ఉంటుంది. 20 వాట్ల ఫ్యాను రాత్రి ఎనిమిది గంటలు తిరిగినా ఖర్చయ్యేది 160 వాట్ అవర్లే. గ్యాసు పొయ్యి మాత్రం బండి బయటే వెలిగించాలి. మూసిన బండిలో కార్బన్ మోనాక్సైడ్ చేరితే వాసన కూడా రాదు, నిద్రలోనే ప్రాణం పోతుంది.

జనవరి మొదట్లో, తెల్లవారుజామున బయల్దేరాం. బండి నడిచేటప్పుడు అమ్మ ముందు సీట్లో బెల్టు పెట్టుకుని కూర్చుంటుంది. నలభై నిమిషాలకోసారి ఆపుతాను, వెనక పావుగంట పడుకుంటుంది. ఓర్వకల్లు రాళ్ల దగ్గర ఒకసారి, పాణ్యం దాటి ఒకసారి ఆగాం. బనగానపల్లెలో ఉగ్గాని, బజ్జీ తిన్నాం. అవుకు దాటాక రోడ్డుకు రెండువైపులా నాపరాతి గనులు, కుప్పలు పోసిన బండలు. కొలిమిగుండ్లలో పాలిష్ పట్టే చోట ఆగి, పొయ్యి కింద వేసుకుంటామని ఆరు పగిలిన ముక్కలు అడిగితే ఊరికే ఇచ్చారు.

బెలుం గుహల దగ్గర అమ్మ నీడన బండిలో పడుకుంది. నేనొక్కదాన్నే దిగొచ్చాను. 1884లో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ ప్రస్తావించిన గుహలవి. తర్వాత దాదాపు వందేళ్లకు, 1982, 83లలో జర్మనీ బృందం వచ్చి కొలిచింది. పొడవు 3,229 మీటర్లు. నీళ్లు సున్నపురాయిని కరిగించి చేసిన దారులు. లోపల ఉక్కపోతకు చొక్కా తడిసి ముద్దయింది.

సాయంత్రానికి గండికోట. టెంట్లు అద్దెకిచ్చే ఒకాయన తన స్థలంలో ఆపుకోనిచ్చాడు. పడుకోగానే తెలిసింది, నేల వాలు. అమ్మ తల కిందకు పోయింది, నడుం పట్టేసింది. చీకట్లో టార్చి పట్టుకుని దిగాను. పల్లం వైపు చక్రాల కింద నాపరాతి ముక్కలు పెట్టి బండి ఎక్కిస్తే మొదటిది టప్పున పగిలింది, కింద మట్టి గుల్లగా ఉంది మరి. మట్టి చదును చేసి, రెండేసి ముక్కలు దొంతిగా పెట్టాను. గేరులో ఉంచి, హ్యాండ్‌బ్రేకు లాగి, మిగతా చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టాను. మంచం మీద గ్లాసుతో నీళ్లు పెట్టి చూస్తే అంచుకు సమంగా నిలిచాయి. అమ్మ పడుకుని, "ఇప్పుడు బాగుంది" అంది. కాసేపటికి చీకట్లోనే, "మా నాయన గూడుబండిలో గడ్డి పరిచి మమ్మల్ని పండబెడతాండె, తిరణాలకు పోయేటప్పుడు" అని చెప్పడం మొదలుపెట్టింది. నేను వింటూ ఎప్పుడు నిద్రపోయానో తెలీదు.

తెల్లారి అద్దాల లోపలంతా చెమ్మ. తుడిచి, జామా మసీదు దాకా బండిలోనే వెళ్లాం. అక్కడి నుంచి నడక. ధాన్యాగారం పక్కన ఆగి, నా భుజం పట్టుకుని, మళ్లీ ఆగి. బండరాళ్లు మొదలయ్యాక అంచు దాకా పోలేకపోయింది. నిలబడ్డ చోటు నుంచి పెన్న ఒక మూల మాత్రం కనిపించింది, ఎర్రబండల గోడల మధ్య పచ్చగా. చాలాసేపు చూసింది.

తిరిగొచ్చి పడుకున్నాక, టీ కాచిన పొయ్యి సర్దుతుంటే లోపల్నుంచి పిలిచింది.

"ఆ బండలు మర్చిపోవాకు పాపా, ఒంటిమిట్టలో పనికొస్తాయి."